‘మౌనం అర్ధాంగీకారం’: ఫోన్ తెర మీద ఈ మాట చెల్లుతుందా?

అందరికీ నమస్కారం. అర్ధాంగీకారమా, అర్థాంగీకారమా అని ఒక సభ్యురాలు అడిగారు. ‘అర్ధ’మే సరైనది. అంటే సగం. ‘అర్థం’ అంటే భావం, లేదా ధనం.

‘మౌనం సమ్మతి లక్షణం’ అనే సంస్కృత వాక్యాన్ని కూడా మనవాళ్లు వాడతారు. అందులో ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే. మన నోళ్లలో నలిగిన మాట మాత్రం సగం దగ్గరే ఆగింది. పెళ్లిచూపుల్లో పిల్ల తల వంచుకుని ఊరుకుంటే అర్ధాంగీకారమే అనుకుంటారు. తాంబూలాలు పుచ్చుకునేలోపు మాత్రం ఎవరో ఒకరు లోపలికెళ్లి ‘నీకిష్టమేనా అమ్మా?’ అని అడగాల్సిందే. మిగతా సగం ఆమె నోటితో చెప్పాలి.

ఈ ‘సగం’ గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణముంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక ఫోన్ల షాపులో చూశాను. ఒక పెద్దావిడ కొత్త ఫోన్ కొనుక్కుంది. కుర్రాడు ఒక్కో యాప్ వేస్తూ కాంటాక్టులకీ, మైకుకీ, లొకేషన్‌కీ వరసగా ‘అనుమతించు’ నొక్కుకుంటూ పోతున్నాడు. “ఏటి నొక్కుతున్నావు బాబూ?” అంది. “ఏటీ లేదు మామ్మా, అన్నిటికీ ఓకే కొట్టేశాను” అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆ మౌనం సగం అంగీకారం కూడా కాదు. దేనికి ఒప్పుకుంటోందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు మరి!

కంపెనీలు మన మౌనాన్ని పూర్తి అంగీకారంగా రాసుకుంటాయి. 2016లో వాట్సాప్ తన షరతులు మార్చినప్పుడు, మన ఖాతా వివరాలు ఫేస్‌బుక్‌తో పంచుకునే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచింది. తీసేయకపోతే ఒప్పుకున్నట్టే. 2021లో వచ్చిన షరతుల్లో ఆపాటి వీలు కూడా ఇవ్వలేదు. దాని మీదే, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్, ఫేస్‌బుక్‌ల యజమాని మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మెటా అప్పీలుకు వెళ్లింది. ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కాదని యూరప్ న్యాయస్థానం 2019 అక్టోబరులోనే తేల్చేసింది.

మన డేటా పరిరక్షణ చట్టం (2023) కూడా ఆ దారిలోనే ఉంది. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టమైన చర్యతో ఇవ్వాలంటుంది. అంటే ఊరుకుంటే చెల్లదు. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా అంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, ఈ సెక్షన్లు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అంత గడువు ఎక్కువేనని నా అభిప్రాయం.

జవాబు (టెక్కలి సభ్యుడు): మాస్టారూ, షరతులు తెలుగులో రాసిస్తే సరిపోతుందా? ఆ షరతుల తెలుగు చదివితే నాకే బుర్ర తిరుగుతోంది.

బాగా అడిగారు బాబూ. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో ఏది కోరితే దాన్లో చదువుకునే వీలు ఇవ్వాలని చట్టం చెప్పింది. ఎలాంటి తెలుగో కూడా అదే చెప్పింది: సరళంగా, స్పష్టంగా ఉండాలని. ‘తృతీయ పక్షములతో దత్తాంశ భాగస్వామ్యము’ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? ‘మీ నంబరు వేరే కంపెనీలకు ఇస్తాం’ అంటే మామ్మకీ తెలుస్తుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన శ్రీకాకుళం జిల్లా మనది. ఈ పని మనమే అడగాలి.

ఇంకో సంగతి. గిడుగువారు ఏళ్ల తరబడి శ్రమించి నిఘంటువు కూర్చిన సవర భాష ఆ 22లో లేదు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవరలు ఇదే ఫోన్లు వాడుతున్నారు. వాళ్లకి చదివి వినిపించే ఏర్పాటైనా ఉండాలి. ‘ఒప్పుకుంటున్నాను’ అనడానికి సవరలో ఏమంటారో తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి.