మెయిజీ కాలం జపాన్ బొమ్మల్లో అంత ఎరుపు ఎందుకు?

ప్రశ్న (హనుమకొండ): 1889లో మెయిజీ చక్రవర్తి రాజ్యాంగాన్ని ప్రకటిస్తున్న చెక్క అచ్చు బొమ్మ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, గీసింది చికనోబు. చక్రవర్తి మిలిటరీ యూనిఫాంలో, మహారాణి గౌనులో ఉన్నారు, కార్పెట్ నుంచి తెరల దాకా అంతా ఎరుపే. మన చేర్యాల బొమ్మల వెనకుండే ఎరుపే గుర్తొచ్చింది. అప్పట్లో నిజంగా అలాగే ఉండేదా, లేక రంగు మోజా?

జవాబు (జనగామ): రంగే తమ్ముడూ. పాత జపాన్ బొమ్మల్లో ఎరుపు కుసుమ పూల నుంచి తీసేవాళ్లు, మన చేలల్లో నూనెగింజల కోసం వేసే కుసుమే అది, మెత్తని రంగు, ఎండకు వెలిసిపోతుంది. తర్వాత యూరప్ నుంచి చవకగా అనిలిన్ అనే రసాయన రంగులొచ్చాయి. ఆ ఎరుపు కొత్తదనానికి గుర్తయిపోయింది. నాకైతే ఆ బొమ్మల్లో అసలు విషయం ఆ రంగే.

జవాబు (కరీంనగర్): ఇంకోటి, వాటిని కళ్లారా చూసి గీసినవి అనుకోవద్దు. 1872లో టోక్యోలోని షింబాషి, యొకొహామా రేవు మధ్య రైలు మొదలైంది, దాన్ని చూడకముందే విదేశీ బొమ్మలు చూసి ఊహించి గీసినవాళ్లూ ఉన్నారు. అంతకుముందు తొకుగావా వంశపు సైనిక పాలకుల కాలంలో అప్పటి రాజకీయ సంఘటనల్ని బొమ్మ వేయడమే నిషేధం. అందుకే చక్రవర్తి బొమ్మ బజార్లో అమ్ముడుపోవడం నాకు రైలు కంటే పెద్ద మార్పు.

ప్రశ్న అడిగినతను: అన్నా, నిషేధం సంగతి అస్సలు తెలియదు! ఇప్పుడు ఆ బొమ్మ మళ్లీ మొదటి నుంచి చూస్తున్నా.