అలాయ్ వీల్‌కి క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) ముడతలు పడుతోంది, పాత పెయింట్ మొత్తం తీయాలా?

సిల్వర్ పెయింట్ ఉన్న 16 అంగుళాల అలాయ్, డైమండ్ కట్ (యంత్రంతో చెక్కి మెరిపించిన ముఖం) కాదు. బయటి అంచు అరచేయంత మేర చెక్కుకుపోయింది. గాలి తీసి, టైరుకీ రిమ్‌కీ మధ్య చుట్టూ పేకముక్కలు దోపి (మాస్కింగ్ టేపు కంటే ఇదే నయం), 240, 400, 600 నంబర్ వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) రుద్దడం అయింది. లోతైన చోట పుట్టీ, తర్వాత ప్రైమర్ 2 కోట్లు, సిల్వర్ 3 పల్చటి కోట్లు, మధ్యలో 10 నిమిషాల ఆరుదల. అన్నీ స్ప్రే క్యాన్లే.

సిల్వర్ దాకా బాగుంది. క్లియర్ రెండో కోటు పడగానే ముడతలు, చల్లారిన పాల మీద మీగడలా. అదీ పాత పెయింట్, కొత్త ప్రైమర్ కలిసే గీత వెంబడే. గోరుతో తడిమితే అక్కడ సన్నటి మెట్టు తగులుతోంది. థిన్నర్ ఆ మెట్టు కిందికి దిగి పాత పొరని లేపుతోందని అనుమానం.

మెట్టు పోయేదాకా ఇంకా వెడల్పుగా రుద్దితే సరిపోతుందా, వీల్ ముఖమంతా ఊడదీయాల్సిందేనా? ఇంకోటి: లోహం బయటపడ్డ చోట ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునేది) వేద్దామంటే దాని ఆమ్లం పుట్టీకి పడదు. బదులుగా ఎపాక్సీ ప్రైమర్ (రెండు భాగాలు కలిస్తే గట్టిపడేది) వేస్తే, దానిమీద క్యాన్ సిల్వర్ ఎంతసేపట్లో కొట్టాలి, ఆలస్యమైతే మళ్లీ రుద్దాలా? నట్లు కూర్చునే చోటు, హబ్‌కి ఆనే వెనక భాగం మూసే ఉన్నాయి, వాటి సంగతి వదిలేయండి.