విండోస్ టాస్క్‌బార్‌లో తేదీ సంవత్సరంతో మొదలయ్యేలా చేయడం ఎలా?

ప్రశ్న: విండోస్ 11 టాస్క్‌బార్‌లో ముందు సంవత్సరం, తరువాత నెల, చివర రోజు కనిపించాలని, సమయం 24 గంటల పద్ధతిలో ఉండాలని కోరుకుంటున్నాను. మార్గం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అడిషనల్ సెట్టింగ్స్ నొక్కిన తరువాత, డేట్ ట్యాబ్‌లోని షార్ట్ డేట్ గడిలో నాలుగు చిన్న వై, రెండు పెద్ద ఎం, రెండు చిన్న డి అక్షరాలను మధ్యలో అడ్డగీతలు పెట్టి మీరే టైప్ చేయవచ్చు. పెద్ద ఎం నెలను, చిన్న ఎం నిమిషాన్ని సూచిస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. టైమ్ ట్యాబ్‌లోని షార్ట్ టైమ్ గడిలో పెద్ద హెచ్ ఇస్తే 24 గంటలు, చిన్న హెచ్ ఇస్తే 12 గంటల పద్ధతి వస్తుంది.

జవాబు 2: మీరు కోరిన వరుస, తేదీ, సమయాలను రాసే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601లోనిదే, మంచి ఎంపిక. అయితే ఎక్సెల్ కూడా ఈ అమరికనే అనుసరిస్తుంది కనుక పాత పట్టికలను ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: మార్చాను, సరిగ్గా వచ్చింది. ఇద్దరికీ కృతజ్ఞతలు.