అప్‌డేట్: క్రిమినల్ లాకి పాత ఐపీసీ పుస్తకం చాలా, బీఎన్‌ఎస్ కొనాలా?

మొన్న అడిగా కదా, ఎల్‌ఎల్‌బీలో క్రిమినల్ లా మొదలైంది, సీనియర్ ఇచ్చిన ఐపీసీ (ఇండియన్ పీనల్ కోడ్, పాత నేరాల చట్టం) పుస్తకం సరిపోద్దా అని, పైగా కల్పబుల్ హోమిసైడ్‌కీ (చంపే ఉద్దేశంతోనో, చావొచ్చని తెలిసో ప్రాణం తీయడం) మర్డర్‌కీ తేడా బుర్రకెక్కట్లేదని. రిప్లై ఇచ్చినోళ్లందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "సెక్షన్లు బట్టీ పట్టకు, జడ్జిమెంట్ చదువు" అన్న అన్నకి.

కోఠీ వెళ్లి ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని ఒట్టి చట్టం పుస్తకం, తెచ్చుకున్నా. 2024 జులై 1 నుంచి అదే అమల్లో ఉంది, కానీ అంతకుముందు జరిగిన నేరాలకి ఐపీసీనే కాబట్టి పాతది అటకెక్కించలేదు. కల్పబుల్ హోమిసైడ్, మర్డర్ అంటే ఏంటో చెప్పే సెక్షన్లు 299, 300 ఇప్పుడు 100, 101 అయ్యాయి, లోపల సరుకు దాదాపు అదే.

అసలు క్లిక్ అయింది మాత్రం 1976 రాయవరపు పున్నయ్య కేసు చదివాకే. సుప్రీంకోర్టుకెళ్లిన మన గుంటూరు జిల్లా ఊరి కక్షల కేసు, ఒకాయన్ని బరువైన కర్రలతో కాళ్లమీద చేతులమీద కొట్టారు, తలమీద కాదు, అయినా చనిపోయాడు, దాంతో హైకోర్టు చంపే ఉద్దేశం లేదని ఐపీసీ 302 (మర్డర్‌కి శిక్ష) నుంచి 304 పార్ట్ 2కి (మర్డర్ కాని కల్పబుల్ హోమిసైడ్‌కి శిక్ష) తగ్గించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు! చంపాలనుకున్నారా లేదా పక్కనపెట్టు, ఆ దెబ్బలు కావాలనే కొట్టారా, ఆ దెబ్బలు మామూలుగా ప్రాణం తీసేంతవా, రెండూ అవునైతే మర్డరే అని 302 మళ్లీ పెట్టింది. ప్రతి మర్డరూ కల్పబుల్ హోమిసైడే, ప్రతి కల్పబుల్ హోమిసైడూ మర్డర్ కాదు అని క్లాసులో వంద సార్లు విన్నా ఇంత క్లియర్‌గా అర్థం కాలేదు భయ్యా.

ఇక సడన్ ప్రొవొకేషన్ (ఒక్కసారిగా తీవ్రంగా రెచ్చగొడితే ఆ ఆవేశంలో చంపడం మర్డర్ కింద రాదనే మినహాయింపు) మిగిలింది, దానికి అదే వాదన నడిచిన నానావతి కేసు మొదలుపెట్టా.