కాల్పుల ‘విరమణ’ అందామా, ‘విరామం’ అందామా?

పోస్టు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా నన్ను పీకుతున్న సందేహం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వార్తల్లో మన పత్రికలు ఏది ఆగినా, ఎంతసేపు ఆగినా ‘కాల్పుల విరమణ’ అనే రాస్తాయి. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విరమణ పదవీ విరమణ. మా నాన్నగారు విరమణ అయ్యాక ఆఫీసు మెట్లెక్కింది పెన్షన్ కాగితాల కోసమే. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఇక్కడేమో 2025 ఏప్రిల్ 19 సాయంత్రం ఆరింటి నుంచి ఈస్టర్ పేరు చెప్పి 30 గంటలు ఆపుతున్నామని పుతిన్ ప్రకటించారు. ఆ గడువు పూర్తికాకముందే నువ్వు తప్పావంటే నువ్వు తప్పావని రెండు వైపులా మొదలెట్టారు. మే 8 నుంచి విజయ దినోత్సవం పేరుతో మూడు రోజులు ఇంకొకటి. సినిమా మధ్యలో సమోసా కోసం లేచినట్టుంది ఇది. దీన్ని విరామం అనాలి గానీ విరమణ అంటే ఎలా?

మా మేనల్లుడు ఉక్రెయిన్‌లోని విన్నిత్సాలో మెడిసిన్ చదువుతూ 2022 ఫిబ్రవరిలో రొమేనియా మీదుగా బయటపడి వచ్చినవాడు. మొన్న ఇంటికొస్తే అడిగాను. గ్యాస్ బిల్లు వెనక రెండు మాటలు రాసి చూపించాడు. “అత్తా, రష్యన్‌లో ఒకటి ‘పెరెమీరియే’. అందులో ‘మీర్’ ఉంది చూడు, అంటే శాంతి. రెండోది ‘ప్రెక్రషేనియే అగ్న్యా’. నిప్పు ఆపడం.” ఆ ‘అగ్న్యా’ మన అగ్నికి చుట్టమేనట, నాకు భలే సరదా వేసింది. వాళ్ళకి ఇలా రెండున్నాయి. మనం అన్నిటికీ ఒకే మాట వాడి, చదివేవాళ్ళకి లేనిపోని ఆశ పెడుతున్నామేమో అని నా అనుమానం. పెద్దలు చెప్పాలి.

తెనాలి మాస్టారు

అమ్మా, మంచి ప్రశ్న. కానీ నిఘంటువు నీ పక్షాన రాదు. విరమణ, విరామం, విరతి మూడూ ఒక్క తల్లి బిడ్డలు. వి అనే ఉపసర్గ, రమ్ అనే ధాతువు. మూడింటికీ ‘ఆగడం’ అనే అర్థం.

పోనీ వాడుక చూద్దామన్నా, పదవీ విరమణ ఒక్కటే ఉదాహరణ కాదు కదా. దీక్ష విరమణ ఉంది. నిమ్మరసం తాగి విరమించినవాడు నెల తిరక్కుండా మళ్ళీ శిబిరంలో కూర్చోవడం మనం చూడలేదా? సమ్మె విరమణా అంతే. కాబట్టి విరమణ అన్నంత మాత్రాన శాశ్వతం కానక్కర్లేదు. నాకు తోచిన తేడా ఇది: విరమించడం మనిషి చేసే పని, విరామం గడియారం ఇచ్చేది. బడిలో విరామం గంట కొడితే వస్తుంది, ఇంకో గంట కొడితే పోతుంది. ఆ లెక్కన నీ 30 గంటల ఈస్టర్ విరామమే. అక్కడి దాకా ఒప్పుకుంటాను.

ఒక సరదా మాట. మన దగ్గర దీక్ష విరమించాలంటే నిమ్మరసం ఇవ్వడానికి ఒక పెద్దమనిషి కావాలి. ఈ యుద్ధంలో మధ్యవర్తులు ఆ గ్లాసు పట్టుకుని చర్చలంటూ జెడ్డా, ఇస్తాంబుల్, అలాస్కా తిరుగుతూనే ఉన్నారు. తాగేవాడు నోరు తెరవడం లేదు.

ఓరుగల్లు పిల్లగాడు

మా దిక్కు ‘కాల్పులు బంద్’ అంటే అయిపాయె కదా సార్ 🙂

కానీ ‘కాల్పుల విరమణ’ మన ఇండ్లలోకి వచ్చింది ఉక్రెయిన్ వార్తలతోని కాదు. 2004లో సర్కారుకు, నక్సలైట్లకు మధ్య చర్చలప్పుడు మా తాత పొద్దున లేస్తే పేపర్‌లో వెతికింది ఈ మాటే. అక్టోబర్‌లో హైదరాబాద్‌లో కూర్చొని మాట్లాడిన్రు. వచ్చే జనవరికల్లా తెగిపోయింది. తుపాకులు పట్టుకొని ఊళ్ళల్ల తిరగొచ్చా, తిరగొద్దా అనే దగ్గర పెద్ద పంచాయితీ. ‘విరమణ’ అని ఇద్దరూ అన్నరు, దాంట్ల ఏమేం వస్తయో ఎవరి లెక్క వాళ్ళదే.

రాత్రి డెస్కు

మాస్టారూ, తమ్ముడు చెప్పిన ‘ఏమేం వస్తాయి’ దగ్గరే అసలు గొడవంతా. నేను చాలా ఏళ్ళు రాత్రి డ్యూటీలో అంతర్జాతీయ వార్తలు తెలుగు చేశాను. 2025 మార్చి 18న ట్రంప్, పుతిన్ ఫోన్లో మాట్లాడుకున్నారు. వైట్‌హౌస్ ప్రకటనలో ఇంధనం, మౌలిక వసతుల మీద దాడులు ఆగుతాయని అర్థం వచ్చేలా ఉంది. క్రెమ్లిన్ ప్రకటనలో ఇంధన మౌలిక వసతులు అని ఉంది, 30 రోజుల పాటు. ఇంగ్లిష్‌లో మధ్యన ఒక ‘అండ్’ తేడా. తెలుగులో అదీ లేదు, ఒక్క కామా! కామా ఉంటే రైల్వేలు, వంతెనలు, రేవులు అన్నీ వస్తాయి. తీసేస్తే కరెంటు, చమురు, గ్యాస్ వ్యవస్థలు మాత్రమే. ఆ రాత్రి నేను కామా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి రెండు వాక్యాలుగా విడగొట్టి ఎవరు ఏమన్నారో విడివిడిగా రాశాను. కామాని కూడా మనం విరామ చిహ్నమనే అంటాం, చూశారా.

ఇంకోటి, ‘కాల్పులు’ అనే మాటే ఇప్పుడు చాలడం లేదు. తుపాకీ, ఫిరంగి వరకైతే కాల్పులు సరే. రాత్రంతా గుంపులుగా వచ్చే డ్రోన్లు, విమానం నుంచి జారవిడిచే బాంబులు కాల్పుల్లోకి వస్తాయా? 2025 మే 10న భారత్, పాకిస్థాన్ మధ్య ఆగినప్పుడు మన ప్రభుత్వం వాడిన వరస గుర్తు చేసుకోండి. నేల, నింగి, సముద్రం మూడింటి మీదా కాల్పులూ సైనిక చర్యలూ ఆపాలన్న అవగాహన అన్నారు. మేమంతా మామూలుగానే ‘కాల్పుల విరమణ’ అని శీర్షిక కొట్టేశాం. శీర్షికలో అంతకంటే చోటు లేదు మరి.

తెనాలి మాస్టారు

ఆహా! కామా ఉంటే ద్వంద్వ సమాసం, లేకపోతే తత్పురుష. పిల్లలకి సమాసాలు ఎందుకు మాస్టారూ అని అడిగేవాళ్ళకి ఇకమీద ఇదే చూపిస్తాను.

కొత్తగా చేరినవారు

క్షమించాలి, వ్యాకరణం బానే ఉంది. అసలు ఆగుతుందా, ఆగదా? డెస్కులో పనిచేసినావిడ ఏమంటారు?

రాత్రి డెస్కు

జోస్యం చెప్పను గానీ, చిక్కు ఎక్కడుందో చెప్తాను. అది కూడా మాటల వరసలోనే ఉంది. ఉక్రెయిన్ అనేది: ముందు ఆపు, తర్వాత కూర్చుని మాట్లాడదాం. 2025 మార్చి 11న జెడ్డాలో అమెరికా పెట్టిన 30 రోజుల ప్రతిపాదనకి వాళ్ళు సరే అన్నారు. రష్యా అనేది: ముందు ‘మూల కారణాలు’ తేల్చు, తర్వాత ఆపుతాను. ఆ మూల కారణాలు అనే పడికట్టు మాట కింద ఏముందో 2024 జూన్‌లో పుతిన్ స్వయంగా చెప్పారు. దొనెత్స్క్, లుహాన్స్క్, ఖెర్సోన్, జపొరీజియా ప్రాంతాల నుంచి ఉక్రెయిన్ సైన్యం పూర్తిగా వెళ్ళిపోవాలి, నాటో సైనిక కూటమిలో చేరే ఆలోచన మానుకోవాలి. తాను ఇంకా గెలవని ఊళ్ళని కూడా కాగితం మీద ఇమ్మనడం అన్నమాట. దేశంలో దాదాపు ఐదో వంతు ఇప్పటికే రష్యా చేతిలో ఉంది.

ముందుకు జరుగుతున్నవాడికి ఆపడమంటే చేతిలో పట్టు వదులుకోవడమే. అందుకే గడువు పెట్టిన చిన్న చిన్న విరామాలకి తప్ప ఒప్పుకోవడం లేదు. 2025 ఆగస్టు 15న అలాస్కాలో పుతిన్‌ని కలిశాక ట్రంప్ కూడా మాట మార్చారు. ఉత్త కాల్పుల విరమణ ఎందుకు, నేరుగా శాంతి ఒప్పందమే మేలు అన్నారు. వినడానికి పెద్ద మాటలాగే ఉంటుంది. ఆచరణలో ఒప్పందం కుదిరేదాకా యుద్ధం సాగొచ్చనేగా అర్థం?

ఇక ఉక్రెయిన్ భయం వేరు. తూర్పు ఉక్రెయిన్‌లో అప్పటి పోరు ఆపడానికి 2015 ఫిబ్రవరిలో బెలారస్ రాజధాని మిన్స్క్‌లో సంతకాలయ్యాయి. 15వ తేదీ మొదలవగానే కాల్పులు ఆగాలి. 18 కల్లా దెబాల్త్సెవె పట్టణం రష్యా అండ ఉన్న వేర్పాటుదారుల చేతిలోకి పోయింది. ఆ తర్వాత ఏళ్ళలో వాళ్ళ దగ్గర ఎన్ని రకాల విరామాలో! ‘నిశ్శబ్ద నియమం’ అని ఒకటి 2014లో. పంట కోతల కోసం ‘రొట్టె సంధి’, పిల్లలు బడికెళ్ళడం కోసం ‘బడి సంధి’, రెండూ 2017లో. నాలుగు గోధుమ గింజలు ఇంటికి చేరడానికీ, పిల్లలు బడి గంట వినడానికీ పేరు పెట్టి మరీ సంధి చేసుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి గట్టి హామీ లేకుండా సంతకం పెట్టమంటే వాళ్ళు వెనకాడుతున్నారు. నేనైనా అంతే.

నా అంచనా అడిగితే, మొత్తం ఒకేసారి ఆగడం కంటే ఇలాంటి పేరున్న చిన్న ఒప్పందాలకే అవకాశం ఎక్కువ. 2025 మేలో ఇస్తాంబుల్‌లో కూర్చుని చెరి వెయ్యి మంది ఖైదీలను మార్చుకున్నారు. కాల్పులు ఆపకుండానే అది చేశారు. ఎప్పుడో పెద్ద ఒప్పందం కుదిరినా అది కొరియాలాంటిది కావచ్చు. అక్కడ 1953 జులై 27న పోరు ఆగింది, శాంతి ఒప్పందం మాత్రం ఇప్పటికీ లేదు.

తెనాలి మాస్టారు

సంధి అన్నావు కాబట్టి చెప్తున్నాను. మన వ్యాకరణంలో సంధి జరిగితే సాధారణంగా ముందున్న అచ్చు పోయి, వెనక వచ్చినది నిలుస్తుంది. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. డు మీది ఉకారం ఎటు పోయిందో ఎవరూ అడగరు. ఉక్రెయిన్‌కి ఉన్న బెంగ ఆ ఉకారం బెంగే.

మరి సంధి జరగని చోట ఏమవుతుంది? రెండు అచ్చుల మధ్యన య వచ్చి నిలబడుతుంది. మా, అమ్మ కలిస్తే మాయమ్మ. దాన్ని యడాగమం అంటాం. ఎవరి అచ్చు వారికి ఉంటుంది, మధ్యలో య కాపలా. బ్రిటన్, ఫ్రాన్స్ ముందుండి తమ సైన్యాన్ని అక్కడ నిలుపుతామంటున్నది ఈ యకారం పనే. రష్యా నాటో దేశాల సైన్యాన్ని ససేమిరా ఒప్పుకోనంటోంది. సంధీ వద్దు, యడాగమమూ వద్దంటే ఇక ఏ సూత్రం వేయాలో నాకు తెలియదు.

ఓరుగల్లు పిల్లగాడు

మాస్టారు సార్, మా స్కూల్‌ల మీరు చెప్పి ఉంటే నాకు తెలుగుల ఇంకో పది మార్కులు వచ్చేటివి.

పోస్టు పెట్టినావిడ

అందరికీ ధన్యవాదాలు. గడువు ముందే చెప్పి ఆపితే కాల్పుల విరామం, గడువు లేకుండా ఒప్పుకుని ఆపితే విరమణ, షరతులు తేల్చుకుని సంతకాలు పెడితే సంధి. నేనైతే ఇకనుంచి ఇలాగే రాస్తాను. డెస్కువాళ్ళు పాటిస్తే సంతోషం.

యడాగమం కథ మేనల్లుడికి చెప్తే నవ్వాడు. తర్వాత వాడొక మాట చెప్పాడు. వాడి క్లాస్‌మేట్ ఒకతను ఇంకా అక్కడే ఉన్నాడు. ఈ పెద్ద మాటలేవీ వాళ్ళ మధ్య రావట. పొద్దున్నే రాత్రి ఎలా గడిచిందని వీడు మెసేజ్ పెడతాడు. అటు నుంచి ‘తీఖో’ అని ఒక్క ముక్క వస్తుంది. సద్దుమణిగి ఉంది అని. నిన్న పొద్దుటి మెసేజ్‌కి ఇంకా జవాబు లేదు. కరెంటు పోయి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఉంటుందిలే అత్తా అని వాడే అని, అరగంటకోసారి ఫోన్ తీసి చూసుకుంటున్నాడు.