కాళేశ్వరంలో రాత్రి ఉండాలా, దర్శనం చేసుకుని తిరిగి రావాలా?

ఓరుగల్లు కోడలు
కార్తీకంలో ఒక శనివారం పొద్దున్నే హన్మకొండ నుంచి కాళేశ్వరం వెళ్ళాలనుకుంటున్నాం. మా అత్తమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు పిల్లలు. ఆదివారం రాత్రికి ఇల్లు చేరితే చాలు. రాత్రి అక్కడే ఉండాలా, అదే రోజు తిరిగి రావాలా? ఉంటే చూడడానికి ఏమున్నాయి? మా ఇంట్లో ఈ విషయం మీద రెండు పక్షాలయ్యాయి.

హన్మకొండ సార్
ఉండవలసిన పని లేదమ్మా. మనకు సుమారు 115 కిలోమీటర్లు. పరకాల, రేగొండ, భూపాలపల్లి, కాటారం, మహదేవ్‌పూర్ మీదుగా మూడు గంటల దారి. ఆరింటికి బయలుదేరితే తొమ్మిదికి రేవులో ఉంటారు. స్నానం, దర్శనం, గోదావరి ప్రాణహిత కలిసే సంగమం అన్నీ మధ్యాహ్నానికి అయిపోతాయి. ఆ తరువాత ఆ ఊళ్ళో మీరు చేసేది ఏమీ లేదు.

మిగిలిన పూట రామప్పకు ఇవ్వండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అందరూ వెళ్ళి ఫోటో దిగి వస్తున్నారు గానీ, మండపం కింద నిలబడి తలెత్తి పైకప్పు చూసేవారు ఎంతమంది? నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది, నల్లరాతి మదనికలు, అంటే నాట్యకత్తెల శిల్పాలు. పిల్లలకు చెప్పడానికి అక్కడ ఎంతో ఉంది. దగ్గరలోనే గణపురం కోటగుళ్ళు. జనం తాకిడి ఉండదు, పెద్దామె నీడన కూర్చోవచ్చు.

గోదావరి గట్టు
సార్, "ఆ ఊళ్ళో చేసేది ఏమీ లేదు" అని ఎంత తేలికగా రాశారు! మాది మహదేవ్‌పూర్ మండలమే. తొమ్మిదికి వచ్చి పన్నెండుకు వెళ్ళేవారికి కనిపించేది దర్శనం వరుస, చెప్పుల గుట్ట. అంతే.

అక్కా, మీరు మధ్యాహ్నం దాటాక చేరుకోండి. సాయంత్రం రద్దీ తగ్గుతుంది. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుడి దయతో అందరికీ మోక్షం దొరుకుతూ ఉంటే తనకు పనే లేకుండా పోయిందని యముడు మొరపెట్టుకున్నాడట. అప్పుడు శివుడు ఆయనకూ అదే పానవట్టం మీద చోటిచ్చాడని చెబుతారు. అందుకే మొదటి పూజ కాళేశ్వరుడికి, అంటే యముడికి. తరువాతే ముక్తేశ్వరుడికి. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలు ఉంటాయి. అందులో పోసిన నీళ్ళు సంగమంలో కలుస్తాయని నమ్మకం. ఇవి చూసి, శుభానందాదేవిని, మహాసరస్వతిని, ఆదిముక్తేశ్వరుణ్ణి నిదానంగా దర్శించుకోవాలంటే ఒక పూట ఎలా సరిపోతుంది? శ్రీశైలం, ద్రాక్షారామం పక్కన త్రిలింగాల్లో చెప్పుకునే క్షేత్రం ఇది. శ్రీశైలం వెళ్ళి మూడు గంటల్లో తిరిగి వస్తారా ఎవరైనా?

కాజీపేట కుర్రాడు
బోగత జలపాతం కూడా కలపండి. చాలా బాగుంటుంది.

బొగ్గుబావి
తమ్ముడూ, బోగత వాజేడు దగ్గర. ఏటూరునాగారం దాటి గోదావరి అవతలికి వెళ్ళాలి. ఇది ఒక దిక్కు, అది మరో దిక్కు.

ఎవరూ చెప్పని సంగతి రోడ్డు. నేను భూపాలపల్లిలో ఉంటాను. కాటారం వైపు ఇసుక లారీలు, ఇటు బొగ్గు లారీలు. చీకటి పడ్డాక ఆ దారిలో కుటుంబంతో వెళ్ళవద్దు.

హన్మకొండ సార్
నేను అంటున్నదీ అదే. చీకటి పడేలోపు ఇంటికి రావాలి.

గోదావరి గట్టు
నేను అంటున్నదీ అదే. చీకటి పడితే అక్కడే ఉండాలి.

నర్సంపేట నుంచి
అక్కడికి దగ్గరలో గోదావరి మీద ఉన్న మేడిగడ్డ బ్యారేజీ చూడనిస్తారా? మా పిల్లలు అడుగుతున్నారు.

బొగ్గుబావి
2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగినప్పటి నుంచి పరిస్థితి మారిపోయింది. లోపలికి రానిస్తారన్న నమ్మకంతో బయలుదేరకండి. అక్కడ నదిలో దిగడం అసలే వద్దు. 2025 జూన్‌లో ఈతకు దిగిన యువకులు మునిగిపోయారు.

నిర్వాహకుడు
బ్యారేజీ ఎవరు కట్టారు, ఎవరు తిన్నారు అనే చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ వద్దు.

హన్మకొండ సార్
గట్టు గారికి ఒక్క ప్రశ్న. గుడులన్నీ కలిపి మూడు గంటలు. నది ఒక గంట. మిగతా పద్దెనిమిది గంటలు ఆ పెద్దామె ఏమి చెయ్యాలి? ఎండాకాలంలో అయితే నదిలో ఇసుకే తప్ప నీళ్ళు కూడా ఉండవు.

గోదావరి గట్టు
కార్తీకం గురించి అడిగితే ఎండాకాలం గురించి చెబుతారేమిటి? సంగమానికి ఎక్కువ నీళ్ళు తెచ్చేది ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగ కలిసి వచ్చే నది. పైనున్న శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి ప్రాజెక్టులు ఆపుకోగా మిగిలిన గోదావరి ఒక పక్క, నిండుగా వచ్చే ప్రాణహిత మరో పక్క. వానాకాలం దాటాక ఆ తేడా కంటికి తెలుస్తుంది.

ఇక పద్దెనిమిది గంటల లెక్క. సాయంత్రం వంతెన దాటి సిరోంచ వెళ్ళవచ్చు. మహారాష్ట్ర అయినా బజారులో తెలుగు వినిపిస్తుంది. తెల్లవారుజామున పొగమంచులో రేవుకు వెళ్ళవచ్చు. ఊరికే కూర్చోవచ్చు కూడా సార్. పెద్దవాళ్ళను ఊరికే కూర్చోనివ్వరా?

హన్మకొండ సార్
మీకు అక్కడ హోటలు ఉందని వేరే చర్చలో మీరే రాశారు. పద్దెనిమిది గంటలు కూర్చుంటే టీలు ఎన్ని తాగుతారో మీకు బాగా తెలుసు.

గోదావరి గట్టు
ఉంది. దాచలేదు. పుష్కరాలకు లక్షల మంది వస్తారు, పన్నెండు రోజులు. 2022లో ప్రాణహితకు వచ్చారు, 2025 మే నెలలో ఇక్కడ అంతర్వాహినిగా చెప్పుకునే సరస్వతికి వచ్చారు, 2027లో గోదావరికి వస్తారు. మిగతా రోజుల్లో "సగం పూట చాలు" అని మీలాంటి పెద్దమనుషులు రాసింది చదివి, ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వచ్చి, విస్తరాకులు మా గుమ్మం ముందు పడేసి వెళతారు. నా కొడుకు ఇప్పుడు హైదరాబాదులో కారు నడుపుతున్నాడు. ఊళ్ళో పని ఉంటే వెళ్ళేవాడా?

రామప్పకు మీరు చేసే ప్రచారం చరిత్ర, నేను మా ఊరికి చేస్తే వ్యాపారమా?

పరకాల అక్క
ఇద్దరూ కాస్త తగ్గండి.

హన్మకొండ సార్
తగ్గను. ఎందుకు ఉండవద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. మా నాన్న అస్థికలు గంగలో కలపడానికి అక్కడికే వెళ్ళాం. గట్టున ఒక మాట చెప్పిన పడవవాడు నది నడుమకు వెళ్ళాక ఇంకో మాట చెప్పాడు. చేతిలో కుండ పట్టుకుని బేరం ఆడతామా? అడిగింది ఇచ్చాం. దాన్ని మరచిపోవచ్చు. మరచిపోలేనిది ఇంకొకటి. గట్టు మీద కుర్రాళ్ళ గుంపు ఒకటి పాటలు పెట్టి, తలల మీద డ్రోను ఎగరేస్తోంది. మా తమ్ముడు తలనీలాలు ఇచ్చి నీళ్ళలో మునుగుతుంటే అది వాడి నెత్తి మీద నిలబడి గిర్రున తిరుగుతోంది. ఏ వీడియోలో మా దుఃఖం ఉందో, ఎంతమంది చూశారో!

కాళేశ్వరం చూసే ఊరు కాదు. పని మీద వెళ్ళి, దణ్ణం పెట్టుకుని, మాట్లాడకుండా వచ్చేసే ఊరు. అక్కడ రాత్రి బసలు, సెల్ఫీలు, పిల్లల ఆటలు నాకు నచ్చవు. చూడడానికే అయితే రామప్ప ఉంది, లక్నవరం చెరువు ఉంది, వేయిస్తంభాల గుడి ఉంది.

గోదావరి గట్టు
ఇదన్నమాట. మొదటి రోజే ఈ మాట చెప్పి ఉంటే గంటల లెక్కలు తప్పేవి.

డ్రోను ఎగరేసినవాడు మా ఊరివాడు కాదు సార్, మీ పట్నం వైపు వాడే. పడవవాడు మావాడే కావచ్చు, దానికి నేను సమర్థన చెప్పను. కానీ మీరు శ్మశానం గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. నేను ఆ రేవులోనే ఈత నేర్చుకున్నాను. నా పెళ్ళి ఊరేగింపు ఆ గుడి ముందు నుంచే వెళ్ళింది. శివరాత్రికి ఊరంతా జాగారం చేస్తుంది, పిల్లలు అరుస్తారు, బూరలు ఊదుతారు. మీరు ఏడవడానికి వస్తారని మేము నవ్వడం మానుకోవాలా?

హన్మకొండ సార్
మీరు నవ్వండి. పర్యాటకులను తెచ్చి నవ్వించవద్దు.

పరకాల అక్క
నాకు ఇద్దరి మీదా కోపం వస్తోంది. ఒకరికి గౌరవం కావాలి, ఒకరికి గిరాకీ కావాలి. కర్మకు వెళ్ళిన ఆడవాళ్ళం తడి చీరలతో చాటు కోసం ఎంత వెతుక్కున్నామో ఎవరైనా అడిగారా? గది ముందే తీసుకుంటే కనీసం తలుపు వేసుకుని బట్టలు మార్చుకోవచ్చు. నేను గది వైపే.

కాజీపేట కుర్రాడు
పాండవుల గుట్ట రేగొండ దగ్గరే కదా? అది దారిలోనే ఉంది. గుహల్లో పురాతన చిత్రాలున్నాయి.

బొగ్గుబావి
ఈసారి సరిగ్గా చెప్పావు. కానీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులన్నారు చదవలేదా?

ఓరుగల్లు కోడలు
ఇంత పెద్ద గొడవ అవుతుందనుకోలేదు. ముందు రాయని ఒక విషయం చెబుతాను. మా మామయ్య అస్థికలు కూడా కాళేశ్వరంలోనే కలిపారు. మగవాళ్ళు వెళ్ళారు, అత్తమ్మను ఇంట్లో ఉంచారు. ఎక్కడ కలిపారో ఆమె చూడలేదు. ఇన్నేళ్ళకు, కాళ్ళు ఆడుతుండగానే ఆ చోటు చూస్తానంటోంది. మావారు తొందరగా వెళ్ళి వచ్చేద్దాం అంటున్నారు, లేకపోతే ఆమె బాధపడుతుందట. నాకు ఆ తొందరే నచ్చడం లేదు.

హన్మకొండ సార్
నేను చెప్పింది ఇటువంటి వారి గురించే. వెళ్ళి, చూసి, ప్రశాంతంగా వెళ్ళిపోవాలి. విహారయాత్ర చెయ్యకండి.

గోదావరి గట్టు
నేను చెప్పిందీ ఇటువంటి వారి గురించే. మధ్యాహ్నం జనం మధ్య ఆమెను నిలబెట్టి, వాచీ చూస్తూ "పదమ్మా" అంటారా?

పరకాల అక్క
ఆమెనే అడగండి. మీ ఇద్దరినీ ఎవరూ అడగలేదు.

ఓరుగల్లు కోడలు
అడిగాను. ఉంటానంది. పడవ ఎక్కుతుందట. మావారు ఇంకా ఒప్పుకోలేదు.

బొగ్గుబావి
అయితే శనివారం ములుగు దారిలో వెళ్ళండి. రామప్ప, కోటగుళ్ళు చూసుకుని, భూపాలపల్లిలో భోజనం చేసి, మూడు నాలుగు గంటలకల్లా కాళేశ్వరం చేరవచ్చు. ఆదివారం పరకాల మీదుగా తిరుగు ప్రయాణం. పడవ ధర గట్టు మీదే తేల్చుకోండి. ఎంతమందికి, ఎంతదూరం, రానూ పోనూ కలిపేనా అన్నది ముగ్గురి ముందు అడగండి.

హన్మకొండ సార్
రామప్పలో కనీసం రెండు గంటలు.

గోదావరి గట్టు
ఒక గంట చాలు.