.44 మాగ్నమ్ రివాల్వర్‌కు స్కోప్ బిగించాలా, రెడ్ డాట్ బిగించాలా?

మిర్యాలగూడ వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మిర్యాలగూడ. మా పెద్దన్న చాలా ఏళ్లుగా టెక్సస్‌లో స్థిరపడ్డారు, అక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నారు. మన దగ్గర పల్లి చేన్లనూ మొక్కజొన్ననూ అడవి పందులు ఎట్లా తవ్విపోస్తాయో, అక్కడ ఆయన మిత్రుని పశువుల మేత భూమిని కూడా పందులు అట్లాగే పాడు చేస్తున్నాయట. భూమి యజమాని అనుమతితో వాటిని వేటాడడానికి అన్న .44 మాగ్నమ్ రూగర్ సూపర్ రెడ్‌హాక్ రివాల్వర్ కొన్నారు. గొట్టం పొడవు ఏడున్నర అంగుళాలు.

ఆయనకు 54 ఏళ్లు, చత్వారం వచ్చింది. గురి చూడడానికి తుపాకీ గొట్టం కొసన ఉండే ముందు సైట్ స్పష్టంగా కనబడేటట్టు చూస్తే పంది మసకబారుతుంది, పందిని చూస్తే సైట్ కనబడదు. కాల్చేది ఎక్కువగా పొద్దుగూకే వేళ, 50 గజాల లోపు. నేను ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చినవాణ్ని, ఇంట్లో ఎయిర్ రైఫిల్ కూడా ఉంది కనుక సలహా నన్నే అడుగుతున్నారు. నా ఎయిర్ రైఫిల్ మీద ఉన్న 3-9 పవర్ (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దది చేసి చూపే) స్కోప్ లాంటిదే ఆ రివాల్వర్‌కు పనికి వస్తుందా? లేక పిస్తోళ్ల కోసమే చేసిన స్కోప్ కావాలా? ఈ మధ్య అందరూ చెప్పుకునే రెడ్ డాట్ (అద్దంలో కనిపించే ఎర్రని వెలుతురు చుక్కతో గురి చూసే సైట్), పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే అంత బలమైన తన్నును తట్టుకుంటుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

పాలమూరు లెక్చరర్

నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యాను. తుపాకుల విషయం కన్నా కటకాల విషయం, బలాల విషయం నాకు బాగా తెలుసు కాబట్టి అంతవరకే చెబుతాను.

మీ ఎయిర్ రైఫిల్ స్కోప్ ఆలోచనను వెంటనే వదిలేయండి. రైఫిల్ స్కోప్‌లో పూర్తి బొమ్మ కనబడాలంటే కన్ను దాని వెనుక అద్దానికి మూడు నాలుగు అంగుళాల దూరంలోనే ఉండాలి. రివాల్వర్‌ను చేతులు చాచి పట్టుకుంటాం కాబట్టి ఆ దూరం నుంచి అదే స్కోప్‌లో మధ్యన చిన్న వెలుతురు చుక్క, చుట్టూ నల్లని వలయం తప్ప మరేమీ కనబడవు. పోనీ, చేతులు ముడిచి కంటి దగ్గరికి తెచ్చి కాలిస్తే స్కోప్ అంచు కనుబొమ్మను చీల్చుతుంది. పిస్తోళ్ల స్కోప్‌లను అడుగు నుంచి దాదాపు రెండడుగుల దూరం వరకు కన్ను పెట్టి చూసేటట్టు తయారు చేస్తారు. ఆ సౌకర్యానికి మూల్యం దృశ్య వైశాల్యం తగ్గడం. పవర్ పెంచినకొద్దీ కన్నును సరిగ్గా ఒకే చోట నిలపాల్సి వస్తుంది.

ఇక తన్ను సంగతి. 240 గ్రెయిన్ల (సుమారు పదిహేనున్నర గ్రాముల) బుల్లెట్ సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో బయటికి పోతే, తూటాలోని మందు కాలి పుట్టే వాయువుల వేగాన్ని కూడా కలుపుకొని మూడుంపావు పౌండ్ల రివాల్వర్ దాదాపు సెకనుకు 18 అడుగుల వేగంతో, అంటే ఐదున్నర మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఈ వేగమంతా వచ్చేది సుమారు సెకనులో వెయ్యో వంతు కాలంలో. అప్పుడు త్వరణం గురుత్వ త్వరణానికి ఐదు వందల రెట్లకు పైగా ఉంటుంది. తుపాకీ మీద బిగించిన వస్తువును కూడా అదే త్వరణంతో వెనక్కి లాగాల్సింది ఆ మరలూ బిగింపులే. తుపాకీకి పట్టి ఉంచే ఉంగరాలతో కలిపి 350 గ్రాములుండే స్కోప్‌ను లాగడానికి అవి సుమారు 200 కిలోల బరువుకు సమానమైన బలాన్ని భరించాలి. 35 గ్రాముల చిన్న రెడ్ డాట్‌కైతే 20 కిలోలు చాలు. గొట్టం పైకి లేచే కుదుపును ఈ లెక్కలో కలపలేదు. కాబట్టి తట్టుకుంటుందా అన్న సందేహం నిజానికి రెడ్ డాట్ కన్నా పెద్ద స్కోప్ విషయంలోనే రావాలి. బరువు తగ్గించినకొద్దీ ప్రతి మరకూ మేలు చేసినవారవుతారు.

చత్వారానికి కూడా రెడ్ డాటే సహజమైన మందు. ఆ చుక్క బొమ్మ దూరంలో ఉన్నట్టు ఏర్పడుతుంది. మీ అన్నగారు చూపును పంది మీదే నిలపవచ్చు, చుక్క కూడా అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

నాగర్‌కర్నూల్ నుంచి హ్యూస్టన్

లెక్చరర్ గారి లెక్క చదివి చాలా సంతోషించాను. ఇక్కడి వేటగాళ్లు అనుభవం మీద చెప్పే మాటకు కారణం తెలిసింది. నేను ఈ పనిలో చాలా కాలంగా ఉన్నాను. 50 గజాల లోపు, మసక వెలుతురులో, కదిలే పంది మీద రెడ్ డాట్‌కు మించినది లేదని నా నమ్మకం. ఇంత దూరానికి పెద్దది చేసి చూపవలసిన అవసరం లేదు. స్కోప్ పెద్దది చేసేది పందిని మాత్రమే కాదు, చేతి వణుకును కూడా. 4 పవర్‌లో గురి అటూ ఇటూ ఊగడం చూసి, అది మధ్యకు వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ను గుంజేయాలన్న తొందర పుడుతుంది. .44 మాగ్నమ్‌తో ఆ గుంజుడు అలవాటైతే మాన్పించడం కష్టం.

చుక్క పరిమాణాన్ని ఎంఓఏలలో (మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కోణపు కొలతలో) చెబుతారు. 100 గజాల దగ్గర ఒక ఎంఓఏ అంటే ఇంచుమించు ఒక అంగుళం. 6 ఎంఓఏల చుక్క 50 గజాల దగ్గర మూడు అంగుళాలను కప్పుతుంది, 2 ఎంఓఏలదైతే ఒక అంగుళాన్ని. సాయంత్రం వేటకు 3, 4 ఎంఓఏల మధ్యది నాకు నచ్చుతుంది. అంతకన్నా ముఖ్యం వెలుగును బాగా తగ్గించగలగడం. కాంతి ఎక్కువగా ఉంచితే చుక్క చుట్టూ ఎర్రని మెరుపు పరుచుకుని ఆ మసకలో పందినే మింగేస్తుంది. చుక్క కనిపించీ కనిపించనట్టు ఉండేదాకా తగ్గించాలి.

పేర్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ట్రిజికాన్ ఆర్ఎంఆర్ గట్టిది, కానీ బ్యాటరీ అడుగున ఉంటుంది కనుక మార్చిన ప్రతిసారీ విప్పి బిగించి, గురి మళ్లీ సరిచూసుకోవాలి. ల్యూపోల్డ్ డెల్టాపాయింట్ ప్రోలో బ్యాటరీ పై నుంచే మారుతుంది. ఈ రెండూ తెరిచి ఉండే రకాలు. వాన చినుకో మట్టి పెళ్లో లోపలి దీపం మీద పడితే చుక్క మాయమవుతుంది. ఎయిమ్‌పాయింట్ మైక్రో లాంటి గొట్టం రకంలో ఆ దీపం రెండు అద్దాల మధ్య మూసి ఉంటుంది. బరువు కొంచెం పెరిగినా పొలంలో తిరిగేవారికి నేను దాన్నే సిఫారసు చేస్తాను.

చట్టం గురించి ఒక్క మాట, ఇది చదివే మన పిల్లల కోసం. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవి పందుల వేటకు 2019 సెప్టెంబరు 1 నుంచి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. అయితే హెచ్-1బి వంటి వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు. రాష్ట్రం అడగడం లేదని లైసెన్సు తీసుకోకపోతే ఫెడరల్ చట్టం దగ్గర చిక్కుకుంటారు. పెద్దన్నగారికి పౌరసత్వం ఉంది కనుక ఈ ఇబ్బంది లేదు.

సూర్యాపేట, ప్రస్తుతం కొలరాడో

పై ఇద్దరు పెద్దలతో కొంత విభేదిస్తున్నాను. నేను ఒంటి తూటా కంటెండర్ పిస్తోలు మీద స్కోప్ పెట్టి, ఆనుకొని కాల్చే వేటకు అలవాటు పడ్డవాడిని. చెట్టుకో మూడు కాళ్ల కర్రకో ఆన్చి, నిలబడి మేస్తున్న జంతువును నింపాదిగా కాల్చేటప్పుడు 2 పవర్ స్కోప్ చేసే మేలు రెడ్ డాట్ చేయదు. మునిమాపు వేళ పొదల్లో పంది తల ఏ వైపుందో, పక్కన పిల్ల ఉందో లేదో స్కోప్ చూపిస్తుంది. చుక్క దేన్నీ చూపించదు, ఉన్నదాని మీద కూర్చుంటుంది, అంతే. పంది గుండె, ఊపిరితిత్తులు మనం అనుకునేదాని కన్నా కిందికి, ముందు కాలి మూపుకు దగ్గరగా ఉంటాయి. అది ఎటు తిరిగి ఉందో తెలియకుండా కాల్చడం ఆ జంతువుకు అన్యాయం.

బరువు గురించి లెక్చరర్ గారు చెప్పినది నిజమే. అయితే 2x20 (రెండు రెట్లు పెద్దది చేసే, 20 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న) వంటి చిన్న స్థిర పవర్ పిస్తోలు స్కోప్ రెండు వందల గ్రాముల లోపే ఉంటుంది. 2.5-8 పవర్ పెద్దదానితో దీన్ని ఒక గాటన కట్టవద్దు. సూపర్ రెడ్‌హాక్ పైపట్టీలోనే రూగర్ వారి ఉంగరాలు కూర్చునే కోతలు ఫ్యాక్టరీలో కోసి వస్తాయి కాబట్టి స్కోప్ బిగించడానికి అంత అనువైన రివాల్వర్లు తక్కువ.

హ్యూస్టన్

పంది ఎటు తిరిగి ఉందో చూడాలన్న మాట అక్షరాలా ఒప్పుకుంటాను, కానీ ఆ పనికి మెడలో బైనాక్యులర్ ఉండాలి. గుర్తుపట్టడానికి తూటా నిండిన తుపాకీని అటు తిప్పకూడదు. ఆన్చుకొని మాత్రమే కాల్చేవారికి మీరు చెప్పిన 2 పవర్ స్కోప్ సరైనదే. పెద్దన్నగారు నిలబడి కాలుస్తారా, ఆన్చి కాలుస్తారా అన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

మిర్యాలగూడ వాసి

అందరికీ ధన్యవాదాలు. అన్నతో మాట్లాడాను. నడుస్తూ నడుస్తూ ఎదురైనప్పుడు నిలబడే కాలుస్తారట. ఇంకొక చిక్కు బయటపడింది. రేంజిలో ఒక మిత్రుని రెడ్ డాట్‌లో చూస్తే గుండ్రని చుక్కకు బదులు తోకలున్న నక్షత్రం లాగా, రెండు మూడు చుక్కలు అతుక్కున్నట్టు కనిపించిందట. సైట్ పాడైందా, కళ్లే పాడయ్యాయా అని అడుగుతున్నారు. పైగా సెలవుల్లో వచ్చేటప్పుడు నాకు కూడా ఒక స్కోప్ తెస్తానంటున్నారు.

పాలమూరు లెక్చరర్

అన్నగారి కళ్లద్దాల చీటీలో సిలిండర్ పవర్ అని ఒక అంకె ఉందేమో చూడమనండి. ఉంటే కారణం అదే. కార్నియా వంపు అన్ని దిశల్లో సమంగా లేనివారికి వెలుతురు బిందువు సాగి కనిపిస్తుంది. తేల్చుకోవడానికి సులువైన మార్గం ఉంది. తూటాలు లేవని రెండుసార్లు చూసుకొని, రివాల్వర్‌ను బల్ల మీద ఆన్చి, సెల్‌ఫోన్ కెమెరాను సైట్ వెనుక పెట్టి ఫొటో తీయాలి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే సైట్ బాగానే ఉంది. తర్వాత సిలిండర్ పవర్ ఉన్న దూరపు కళ్లద్దాలు పెట్టుకొని చూడాలి, తలను నిటారుగా ఉంచి, అద్దం మధ్య భాగం నుంచి. బైఫోకల్ అయితే దగ్గరి చూపు భాగంలో నుంచి చూడకూడదు. వెలుగు తగ్గించినా తోకలు తగ్గుతాయి. అప్పటికీ పోకపోతే నేను కూడా సూర్యాపేట వారి స్కోప్ వైపే మొగ్గుతాను. దానిలోని అడ్డు నిలువు గీతలను వెనుక అద్దాన్ని తిప్పి ఆయన కంటికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు.

హ్యూస్టన్

తుపాకీ స్కోపులు, రెడ్ డాట్లు అమెరికా వాణిజ్య శాఖ ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. దుకాణంలో ఎవరైనా కొనుక్కోవచ్చు కదా అని సూట్‌కేసులో వేసుకొని విమానం ఎక్కకూడదు. మీ స్కోప్ మీరు అక్కడే కొనుక్కోండి తమ్ముడూ.

నల్లగొండ ఆర్మరర్

నేను పోలీసు ఆయుధాగారంలో మరమ్మతుల పని చేసి విరమించిన వాడిని. ఇంతసేపూ అద్దాల గురించి మాట్లాడారు, బిగింపు గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. గురి తప్పుతోందని తుపాకీ తెచ్చేవారిలో ఎక్కువమందికి లోపం అద్దంలో ఉండదు, మరలో ఉంటుంది.

రెడ్ డాట్‌ను సూపర్ రెడ్‌హాక్ మీద నేరుగా కూర్చోబెట్టలేరు. రూగర్ కోతల్లో కూర్చునే రైలు పట్టీని (సైట్‌ను బిగించడానికి అడ్డ గాడులున్న లోహపు పట్టీని) వేరే తయారీదారులు చేస్తారు, ముందు అది కావాలి. బిగించే ముందు మరలకు, మర రంధ్రాలకు ఉన్న నూనెను స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. నూనె ఉన్న చోట మర జారకుండా పట్టే జిగురు పట్టదు. విప్పడానికి వీలయ్యే నీలిరంగు రకం జిగురు ఒక్క చుక్క చాలు. ఎర్ర రకం వాడితే తర్వాత వేడి చేసి విప్పాల్సి వస్తుంది, ఆ వేడి సైట్‌కు మంచిది కాదు. రైలు గాడిలో సైట్‌ను పెట్టాక దాన్ని గొట్టం మూతి వైపు ముందుకు నెట్టి పట్టుకొని బిగించాలి. తుపాకీ వెనక్కి దూకినప్పుడు సైట్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే గాడిలో ముందుకు జరుగుతుంది. ముందే గాడి గోడకు ఆనించి ఉంటే జరగడానికి చోటుండదు. బిగింపు ఎంత అన్నది చేతి అంచనాకు వదలకుండా టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పనిముట్టుతో), తయారీదారు కాగితంలో ఇచ్చిన అంకె వరకే తిప్పాలి. చివరగా ప్రతి మర తల మీదా, దాని పక్కన లోహం మీదా కలిపి తెల్ల రంగుతో సన్నని గీత గీయమనండి. కాల్చిన తర్వాత ఆ గీత రెండు ముక్కలుగా విడిపోయి కనిపిస్తే ఆ మర కదిలినట్టే.

రివాల్వర్‌లో సిలిండర్‌కు (తూటాలుండే తిరిగే చక్రానికి), గొట్టానికి మధ్య సందు నుంచి మంట, మసి ఎగజిమ్ముతాయి. సైట్ సరిగ్గా ఆ సందు మీదకు రాకుండా ఒక గాడి వెనక్కి పెట్టుకుంటే అద్దం శుభ్రంగా ఉంటుంది.

గురి 50 గజాలకు సరిచేసుకుంటే 100 గజాల దగ్గర ఆ బుల్లెట్ సుమారు ఐదు అంగుళాలు కిందికి పడుతుంది, కాబట్టి అంత దూరానికి ఆశపడవద్దు. ఆరంగుళాల పళ్లెం మీద నిలబడి కాల్చిన ప్రతి గుండూ తగిలే దూరం ఎంతో రేంజిలో చూసుకోమనండి. 30 గజాలే అయితే పందిని కూడా 30 గజాల లోపే కాల్చాలి.

మిర్యాలగూడ వాసి

ఫోన్ ఫొటో వచ్చింది, చుక్క గుండ్రంగానే ఉంది. చీటీలో సిలిండర్ పవర్ 1.25 అని ఉంది, దూరపు అద్దాలతో చూస్తే తోకలు చాలావరకు పోయాయట. మూసి ఉండే గొట్టం రకం రెడ్ డాట్‌కూ, రైలు పట్టీకీ ఆర్డర్ పెడుతున్నారు. టార్క్ రెంచి ఆయన దగ్గర లేదు, అది కూడా కలిపి తెప్పించమని చెప్పాను.